చావు తాత్కాలికమా?

స్పానిష్ మొదలుపెట్టి రెండు వారాలైన ఎవరినైనా కదిలించి చూడండి. "సేర్ శాశ్వతం, ఎస్తార్ తాత్కాలికం" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఇంగ్లీషు 'ఈజ్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట స్పానిష్‌కు రెండు క్రియలున్నాయి. ఏది ఎక్కడ వాడాలన్నది కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఏళ్ళ తరబడి నేర్చినవాళ్ళు కూడా అడగడం మానని ప్రశ్న. దానికి క్లాసులో, ఫోన్ యాప్‌లో, గైడులో, యూట్యూబు పాఠంలో దొరికే జవాబు ఒక్కటే: మారనిదానికి సేర్, మారేదానికి ఎస్తార్. ఈ జవాబు తప్పు. అక్కడక్కడా గురి తప్పుతుందని కాదు నేననేది, దాని పునాదే తప్పు. అది ఇంతకాలం నిలబడడానికి కారణం వినడానికి ముచ్చటగా ఉండటం, పరీక్ష పేపర్లు దిద్దడానికి వీలుగా ఉండటం, అంతే.

చనిపోయిన మనిషి గురించి స్పానిష్‌లో 'ఎస్తా ముఎర్తో' అంటారు. అంటే ఎస్తార్. అదే మనిషి పడుచువయసులో ఉన్నప్పుడు 'ఎస్ హోవెన్' అనేవారు. అంటే సేర్. ఈ సూత్రం లెక్కన యౌవనం శాశ్వతం, చావు తాత్కాలికం. వినడానికి వేదాంతంలా ఉంది గానీ స్పానిష్ వాళ్ళకు అలాంటి ఉద్దేశమేమీ లేదు. మద్రీద్ స్పెయిన్‌లో ఉందని చెప్పాలన్నా, ఆండీస్ పర్వతాలు దక్షిణ అమెరికాలో ఉన్నాయని చెప్పాలన్నా ఎస్తారే కావాలి. కొండలు ఎక్కడికి పోతాయి? ఆసుపత్రి గోడ మీద 'ఎస్తా ప్రోఇబీదో ఫుమార్' అని బోర్డు ఉంటుంది, పొగతాగడం నిషిద్ధం అని. ఎస్తార్ వాడారు కదా, సాయంత్రానికి నిషేధం ఎత్తేస్తారేమో అని సిగరెట్టు పట్టుకుని ఎవరూ ఎదురుచూడరు. క్రైస్తవుల పరలోక ప్రార్థన స్పానిష్‌లో చదివితే, దేవుడు పరలోకంలో ఉన్నాడనే మాట కూడా ఎస్తార్‌తోనే ఉంటుంది. పైకి చూసి ప్రార్థించే ఏ భక్తుడూ దేవుడు అక్కడ కొన్నాళ్ళే ఉంటాడనుకోడు.

రెండో పక్క చూడండి. మూడేళ్ళ డిగ్రీ చదివే కుర్రాడు 'ఎస్ ఎస్తుదియాంతె', సేర్. ఇప్పుడు మూడు గంటలైంది, 'సోన్ లాస్ త్రెస్', మళ్ళీ సేర్. ఒక్క నిమిషంలో మూడు దాటిపోతుంది. ఈ రాత్రి మా ఇంట్లో పార్టీ, 'లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా', ఇదీ సేరే. తెల్లారేసరికి పార్టీ ఉండదు, గ్లాసులు కడుక్కోవడమే మిగులుతుంది.

దీనికి సూత్రవాదులు చెప్పేది ఒకటే: అవన్నీ మినహాయింపులు. డాలస్‌లో పదో తరగతి చదివే మా అక్క కూతురికి ఇలాగే జరిగింది. హోంవర్కు షీటులో 'తాతగారు ___ ముఎర్తో' అని ఖాళీ. పాపం సూత్రం నమ్ముకుని సేర్ రాసింది. ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 'ఎక్సెప్షన్' అని రాసిచ్చారు. ఆ రాత్రి వీడియో కాల్‌లో ఆ కాగితం కెమెరాకు అడ్డంగా పట్టుకుని, "మామయ్యా, రూల్ వాళ్ళదే, రూల్ ప్రకారం రాశాను, తప్పు మాత్రం నాది ఎలా అవుతుంది?" అంది. నా దగ్గరే కాదు, ఆ సూత్రం చెప్పేవాళ్ళెవరి దగ్గరా ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. చావు, భూగోళం, కాలం, వృత్తి, పండగలు, దేవుడు, ఇవన్నీ మినహాయింపులైతే ఇక సూత్రం కింద మిగిలింది ఏమిటి?

"ఎన్ని చెప్పినా చాలాచోట్ల పనిచేస్తుంది కదా, మొదట్లో పిల్లలకు ఏదో ఒక ఆసరా కావాలి" అనేది వాళ్ళ రెండో వాదన. ఇది కాస్త బలమైనదే, అందుకే దీని మీద ఆగుదాం. సూత్రం పనిచేస్తున్నట్టు కనిపించే చోట్లన్నీ ఒకసారి చూడండి. నామవాచకం వస్తే ఎప్పుడూ సేరే: ఆయన డాక్టరు, ఆవిడ మేయరు, అది కుర్చీ. పదవి ఐదేళ్ళదా, జీవితకాలందా అని చూడక్కర్లేదు. వస్తువో మనిషో ఊరో ఎక్కడుందో చెప్పాలంటే ఎప్పుడూ ఎస్తారే. జరిగే పని, అంటే పెళ్ళి, సభ, పరీక్ష ఎక్కడ అని చెప్పాలంటే ఎప్పుడూ సేరే. గంటలూ తేదీలూ సేర్. జరిగిపోయిన పని మిగిల్చిన స్థితి, అంటే తలుపు తీసి ఉండటం, అద్దం పగిలి ఉండటం, మనిషి చనిపోయి ఉండటం, ఎస్తార్. ఇక్కడ ఎక్కడా కాలం గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు. వాక్యంలో వచ్చింది నామవాచకమా, స్థలమా, పనా, పని ఫలితమా అని చూస్తే చాలు. కనుక ఆ సూత్రం పనిచేసే చోట దాని అవసరం లేదు.

అవసరం ఎక్కడ వస్తుంది? రెండు క్రియలూ పట్టే విశేషణాల దగ్గర. తీరా అక్కడే సూత్రం చేతులెత్తేస్తుంది.

ఒక సన్నివేశం తీసుకుందాం. ఏడాది తరవాత ఊరొచ్చిన పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, ఎదిగిన పిల్లవాణ్ణి చూసి 'కే ఆల్తో ఎస్తాస్!' అంటుంది. మనవాళ్ళయితే "ఎంత పొడుగయ్యావురా!" అంటారు. ఆమె వాడింది ఎస్తార్. ఆ పిల్లవాడు రేపటికి మళ్ళీ పొట్టివాడవుతాడని ఆమె అనుకుంటోందా? లేదు. ఆమె మనసులో నిరుడు చూసిన పిల్లవాడున్నాడు, ఇప్పుడు ఎదురుగా ఉన్నవాణ్ణి ఆ పిల్లవాడితోనే పోలుస్తోంది. అదే పిల్లవాడి గురించి బాస్కెట్‌బాల్ కోచ్ 'ఎస్ ఆల్తో' అంటాడు, ఎందుకంటే అతను పోల్చేది తక్కిన పిల్లలతో. పొడుగు అదే, అంగుళం తేడా లేదు. తేడా ఉన్నది చూసేవాళ్ళ చూపులో. జుట్టు ఊడిపోయిన పాత స్నేహితుణ్ణి చాలాకాలం తరవాత చూసి 'ఎస్తా కాల్వో' అనొచ్చు, బట్టతలవాడైపోయాడని. ఆ జుట్టు తిరిగిరాదని ఇద్దరికీ తెలుసు.

తిండి దగ్గర ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. సెవియ్యాలో ఎండాకాలం గస్పాచో గిన్నె ముందు కూర్చుని మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నవాడు 'ఎస్తా రీకో' అంటాడు. రుచి చూసినవాడి మాట అది. సేర్ వాడితే అది రుచి చూసి చెప్పిన మాటలా ఉండదు, గస్పాచో అనే వంటకం గురించి అభిప్రాయం చెబుతున్నట్టు ఉంటుంది. భోజనానికి పిలిచినవాళ్ళు ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడుగుతుంటే, వంట రుచి శాశ్వతమన్నట్టు సేర్ తగిలించే విద్యార్థి మర్యాద చేయబోయి సాధారణ జ్ఞానం చెప్పినవాడవుతాడు. సేర్‌తో విశేషణం వస్తే ఆ వస్తువు ఏ కోవకు చెందిందో చెబుతున్నామన్నమాట. ఎస్తార్‌తో వస్తే అది మనకు ఎలా తారసపడిందో, ముందున్నదానితోనో మనం అనుకున్నదానితోనో పోలిస్తే ఎలా ఉందో చెబుతున్నామన్నమాట. స్థితులు తరచూ మారుతుంటాయి కాబట్టి తాత్కాలికం అనే మాట ఎస్తార్ చుట్టుపక్కల తచ్చాడుతూ కనిపిస్తుంది. పక్కన కనిపించినంత మాత్రాన అదే కారణమనుకోవడం దగ్గరే ఈ సూత్రం దారి తప్పింది.

చరిత్ర కూడా ఆ సూత్రానికి సాక్ష్యం చెప్పదు. ఎస్తార్ లాటిన్‌లో నిలబడటం అనే క్రియ నుంచి పుట్టింది. సేర్ అనే రూపం కూర్చోవడం అనే క్రియ నుంచి వచ్చి, లాటిన్ 'ఎస్సె'తో కలిసిపోయింది. కూర్చున్నవాడు శాశ్వతం, నిలబడ్డవాడు తాత్కాలికం అని కథ అల్లేవాళ్ళూ లేకపోలేదు, ముచ్చటైన కథే. కానీ మధ్యయుగపు స్పానిష్‌లో చనిపోయినవాడికీ సేరే వాడేవారు, ఊరికి చేరినవాడికీ సేరే, చాలాసార్లు స్థలం చెప్పడానికి కూడా సేరే. తరవాతి శతాబ్దాల్లో ఎస్తార్ ఒక్కో జాగా ఆక్రమించుకుంటూ వచ్చింది. ఈలోగా చావు స్వభావమేమీ మారలేదు, మారింది క్రియ. ఆ ఆక్రమణ ఇంకా ఆగలేదు కూడా. స్పెయిన్‌లో 'నా చిన్నప్పుడు' అనడానికి సేర్ వాడితే, మెక్సికోలో చాలామంది 'క్వాందో ఎస్తాబా చికీతో' అని ఎస్తార్ వాడతారు. భాషావేత్త కార్మెన్ సిల్వా-కోర్వలాన్ 1986లో లాస్ ఏంజెలెస్ స్పానిష్ మీద రాసిన వ్యాసం ఈ విస్తరణ గురించే. మెక్సికో పిల్లల బాల్యం స్పెయిన్ పిల్లల బాల్యం కన్నా తొందరగా అయిపోతుందని ఎవరైనా వాదిస్తే తప్ప సూత్రాన్ని ఇక్కడ కాపాడలేం.

మరి ఇంత డొల్ల సూత్రం ఎక్కడ పుట్టింది? ఒకే క్రియతో బతికే భాషవాళ్ళు, ముఖ్యంగా ఇంగ్లీషువాళ్ళు, రెండో క్రియ ఎందుకా అని తల గోక్కున్నప్పుడు పుట్టింది. అమెరికా హైస్కూళ్ళలో 'డాక్టర్', 'ప్లేస్' అని రెండు మాటలు బట్టీ పట్టిస్తారు. మొదటిదానిలో ఒక్కో అక్షరం సేర్ వాడుకలకు గుర్తు, రెండోదానిలో ఎస్తార్ వాడుకలకు. నన్నడిగితే శాశ్వత సూత్రం కన్నా ఆ జాబితాలే నయం, కనీసం కారణం చెబుతున్నట్టు నటించవు. అయినా అక్కడ కూడా స్థలం అనగానే ఎస్తార్ అని నేర్పేసి, పార్టీ మా ఇంట్లో అన్నచోట పిల్లవాణ్ణి బోర్లా పడేస్తారు.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. హైదరాబాదులో ఇఫ్లూలో చేరినా, అమెరికాలో హైస్కూల్లో పరభాషగా తీసుకున్నా, ఇంట్లో ఫోను ముందు కూర్చున్నా తెలుగువాడికి స్పానిష్ అందేది ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకం చేతుల మీదుగానే. ఇంగ్లీషువాడి తికమకకు ఇంగ్లీషువాడు వేసుకున్న కట్టును, ఆ దెబ్బే తగలని మన కాలికి చుడుతున్నారు.

తెలుగులో ఏం చేస్తామో చూడండి. "ఆయన డాక్టరు" అంటాం, క్రియే అక్కర్లేదు. "ఆయన ఇంట్లో ఉన్నాడు" అన్నప్పుడు మాత్రం 'ఉన్నాడు' తప్పదు. "గుడి తిరుపతిలో ఉంది" అంటాం. పెళ్ళి ఎక్కడ అంటే "తిరుపతిలో" అనేసి ఊరుకుంటాం, "పెళ్ళి తిరుపతిలో". స్పానిష్‌వాడు గుడికి ఎస్తార్, పెళ్ళికి సేర్ వాడేదీ సరిగ్గా ఈ గీత దగ్గరే. "తలుపు తీసి ఉంది", "అన్నం వండి ఉంది", "శాసనం మీద రాసి ఉంది" అంటాం. వెయ్యేళ్ళ నాటి రాయి మీద చెక్కిన అక్షరాల గురించి కూడా 'ఉంది' అనే అంటాం, అది తాత్కాలికమా అన్న అనుమానం మనకు కలలో కూడా రాదు. పని అయిపోయింది, దాని ఫలితం మిగిలింది, అందుకే 'ఉంది'. స్పానిష్‌లోనూ ఆ రాయికి ఎస్తారే.

అలాగని 'ఉంది' కనిపించిన ప్రతిచోటా ఎస్తార్ పెట్టేయమని నేను ఇంకో సూత్రం కట్టడం లేదు. కడితే నన్నూ ఖండించాల్సిందే. "ఆమె అందంగా ఉంటుంది" అంటే స్పానిష్‌లో సేర్ కావాలి, "ఈ చీరలో అందంగా ఉంది" అంటే ఎస్తార్. మనం 'ఉంటుంది', 'ఉంది' అని విడదీసేదాన్ని వాళ్ళు క్రియే మార్చి విడదీస్తారు. "నాకు ఆకలిగా ఉంది" అన్నచోట వాళ్ళు రెండూ వాడకుండా మూడో క్రియ పట్టుకుంటారు. రెండు భాషలూ అతికినట్టు సరిపోవు. కానీ ఎక్కడ సరిపోతాయో ఎక్కడ సరిపోవో చూపించడం ఒక పాఠం అవుతుంది, చావును మినహాయింపు చేయడం కాదు.

'నచ్చడం' అనే అర్థమున్న 'గుస్తార్' సంగతి ఇంకా అన్యాయం. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని తిరగబడిన క్రియ అని, విడ్డూరమని, ప్రత్యేకంగా అధ్యాయం కేటాయించి భయపెడతాయి. 'మె గుస్తో లా కాన్సియోన్', 'మె గుస్తారోన్ లాస్ కాన్సియోనెస్'. నాకు ఆ పాట నచ్చింది, నాకు ఆ పాటలు నచ్చాయి. మనిషికి 'కు' విభక్తి, క్రియ మాత్రం పాటతో కలిసి నడుస్తుంది, పాట ఒకటైతే ఏకవచనం, ఎక్కువైతే బహువచనం. తిరగబడింది ఎక్కడ? ఇందులో తెలుగు పిల్లవాడికి కొత్తగా నేర్పాల్సింది మాటలు తప్ప వ్యాకరణం లేదు. కానీ మన పిల్లలు కూడా దీన్ని 'రివర్స్ వెర్బ్' అని పిలవడం నేర్చుకుని, మొదట ఇంగ్లీషులోకి తిప్పి, అక్కడినుంచి స్పానిష్‌లోకి తిప్పి, రెండు మలుపుల్లోనూ తప్పులు చేస్తున్నారు. మనుషుల ముందు వచ్చే 'ఆ' అనే మాట గురించి కూడా ఇదే గోల. 'వేఓ ఆ మరీయా', 'వేఓ లా కాసా'. మరియాని చూస్తున్నాను, ఇల్లు చూస్తున్నాను. మరియాకు 'ని' ఎందుకు తప్పనిసరి, ఇంటికి ఎందుకు కాదు అని తెలుగువాణ్ణి అడిగితే నవ్వుతాడు.

ఒక అబద్ధపు సూత్రానికి అలవాటు పడ్డాక తక్కినవీ దాని వెనకే వస్తాయి. భూతకాలాలు రెండున్నాయి కదా, పొట్టి పనికి ఒకటి, పొడుగు పనికి ఒకటి అంటారు. 711లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి 1492లో గ్రనాదా చేజారేదాకా ముస్లిం పాలన స్పెయిన్ గడ్డ మీద ఉంది. దాన్ని స్పానిష్‌వాడు 'లోస్ ఆరాబెస్ ఎస్తువియెరోన్ ఎన్ ఎస్పాన్యా కాసి ఓచో సీగ్లోస్' అని 'పొట్టి' కాలంలోనే చెబుతాడు. దాదాపు ఎనిమిది శతాబ్దాలు! అదే, ఇంట్లోంచి బయల్దేరుతుంటే ఫోను మోగిందనడానికి, గడప దాటే ఆ నాలుగు క్షణాలకు 'సలీయా' అని 'పొడుగు' కాలం వాడతాడు. పని ఎంతసేపు జరిగిందన్నది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. మొదలూ చివరా కలిపి ఒక్క ముద్దగా బయటినుంచి చూస్తున్నామా, ఇంకో సంఘటన జరిగినప్పుడు ఆ పని మధ్యలో ఉందా అన్నదే ప్రశ్న. కరాకస్‌లో పుట్టిన ఆంద్రేస్ బేయో 1847లో చిలీలో అచ్చువేయించిన వ్యాకరణంలో ఆ రెండో కాలానికి 'కోప్రెతేరితో' అని పేరు పెట్టాడు, ఇంకో భూతకాలంతో పాటుగా నడిచేది అని. పేరులోనే సగం పాఠం ఉంది. మెక్సికో బడుల్లో ఇప్పటికీ ఆ పేరు వాడతారు. మన గైడ్లు మాత్రం స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాయి.

సబ్జంక్టివ్ అనే క్రియారూపం దగ్గరికొస్తే, అది సందేహానికి అంటారు. 'మె అలెగ్రా కె అయాస్ వెనీదో', నువ్వొచ్చినందుకు సంతోషం. వచ్చినవాడు ఎదురుగా సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు, సందేహమెక్కడ? అయినా సబ్జంక్టివే. 'సుపోంగో కె వియెనె', వస్తున్నాడనుకుంటా. ఇది పచ్చి ఊహ, ఇక్కడ మాత్రం మామూలు రూపమే. గాలిలో ఎగిరినట్టు కలగన్నాను అనడానికీ మామూలు రూపమే, ఎగరలేదని ప్రపంచమంతటికీ తెలిసినా సరే. ఆ మాట నేను చాటుతున్నానా, లేక అది తెలిసిందే అనుకుని దాని మీద నా సంతోషమో కోరికో చెబుతున్నానా అన్నదే ఇక్కడ గీత. భాషావేత్తలు జోన్ హూపర్, ట్రేసీ టెరెల్ 1974లోనే ఈ దారిలో వివరంగా రాశారు. అర్ధ శతాబ్దం దాటినా పాఠ్యపుస్తకాల్లో సందేహమే ఏలుతోంది.

చివరికి మిగిలేది ఒక్క వాదన: "స్పానిష్ మాతృభాషగా ఉన్న టీచర్లే ఇలా చెబుతున్నారు కదా, నువ్వెవరివి?" వాళ్ళ మాటను నమ్ముతాను, వాళ్ళ వివరణను కాదు. 'ఉంది'కీ 'ఉంటుంది'కీ తేడా ఏమిటని దారినపోయే తెలుగువాణ్ణి ఆపి అడగండి, ఒక్కసారి కూడా తప్పు మాట్లాడని మనిషి తప్పు సూత్రం చెప్పి పంపిస్తాడు. భాష వాడటం ఒక పని, దాన్ని విప్పి చూపించడం వేరే పని. పైగా ఆ టీచరు చెబుతున్న సూత్రం కూడా చాలాసార్లు ఆమె చిన్నప్పుడు నేర్చినది కాదు, ఉద్యోగంలో చేరాక చేతికిచ్చిన పుస్తకంలోది. పెళ్ళయినవాడు 'ఎస్ కసాదో'నా 'ఎస్తా కసాదో'నా అని అడగండి, రెండూ అంటామని ఆమే చెబుతుంది. పెళ్ళి శాశ్వతమా తాత్కాలికమా అన్నది ఆ దంపతులకు వదిలేద్దాం. క్రియ ఎంచుకోవడానికి ఆ సంగతి ఆమెకూ అవసరం పడలేదు.

ఆసరా కావాలంటే ఇవ్వండి, నిజమైనది ఇవ్వండి. మొదటి వారం నామవాచకాలకు సేర్, అంతే. రెండో వారం మనుషులూ వస్తువులూ ఎక్కడున్నారో చెప్పడానికి ఎస్తార్, పక్కనే పెళ్ళిళ్ళూ పరీక్షలూ ఎక్కడో చెప్పడానికి సేర్. తరవాత తీసి ఉన్న తలుపులు, పగిలి ఉన్న అద్దాలు, వాటితో పాటే చనిపోయిన తాతగారు, మినహాయింపుగా కాక తన జాగాలోనే. విశేషణాలు అప్పటిదాకా ఆగగలవు. వాటి వంతు వచ్చినప్పుడు 'ఆల్తో' ఒక్కటి తీసుకుని, పెద్దమ్మ ఏమంటుందో ఒక పిల్లవాడితో, కోచ్ ఏమంటాడో ఇంకో పిల్లవాడితో చెప్పించడానికి ఒక పీరియడు సరిపోతుంది.